ఆ బిందె ఎవరిది?

పోయిన సంచికలో ఈ పేజీలోనే ఆవకాయ జాడీలు విమానం ఎక్కించే విద్య గురించి రాస్తే చాలామంది నవ్వుకున్నామని చెప్పారు. ముగ్గురు మాత్రం, అందులో మా ఆవిడ ఒకతె, "ఈసారైనా పిల్లలకి పనికొచ్చే ముక్క ఏదైనా రాయండి" అన్నారు. ఏం రాయాలా అని ఆలోచిస్తూ ఉండగా ఆ పిల్లలే మా ఇంటికి వచ్చి ఆ అవకాశం ఇచ్చారు.

సంగతి ఏమిటంటే, మన సంఘం యువజన విభాగం వాళ్ళు ఈ ఉగాదికి ఒక శ్రవ్య నాటకం తయారుచేద్దామనుకుంటున్నారు. మన రోజుల్లో రేడియో నాటకం అనేవాళ్ళం. ఇప్పుడు పాడ్‌కాస్ట్ అంటున్నారు. పేరు ఏదైనా చెవితో చూసే నాటకమే. నలుగురు పిల్లలు వచ్చి, కాఫీలు వద్దని పాలు తాగి, కంప్యూటరు తెరిచి పోస్టరు చూపించారు. చాలా అందంగా ఉంది. వెనక చార్మినారు, ముందు కూచిపూడి భంగిమలో ఒక అమ్మాయి, పైన మామిడి తోరణం, కింద కలశం. "అంకుల్, దీని మీద వేయడానికి మంచి మాట ఒకటి చెప్పండి" అన్నారు.

"నాటకం కథ ఏమిటర్రా?" అని అడిగాను.

"ఇంకా రాస్తున్నాం అంకుల్."

నాకు నవ్వు ఆగలేదు. పాపం వాళ్ళు చిన్నబుచ్చుకున్నారు. నేను నవ్వింది వాళ్ళని చూసి కాదని అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను. నేను నవ్వింది 1996లో మా ఇంటి భోజనాల బల్ల దగ్గర కూర్చుని, అచ్చం ఇలాంటి పోస్టరే గీయించిన ఒక పెద్దమనిషిని తలుచుకుని. ఆ పెద్దమనిషిని నేనే.

ఆ ఏడాది మా అమ్మాయి కాలేజీలో రెండో సంవత్సరం చదువుతోంది. మేము ఉండేది ఒహాయోలో, కాలేజీ మా ఇంటికి గంట ప్రయాణం. ఈ దేశంలో చాలా కాలేజీలకి సొంత రేడియో స్టేషన్లు ఉంటాయని మీకు తెలుసు. ఎఫ్.ఎం. డయలు మీద ఎడమ చివర 88 నుంచి 92 వరకూ ఉన్న జాగా ఇలాంటి లాభాపేక్ష లేని స్టేషన్లకే కేటాయించారు. మా అమ్మాయి వాళ్ళ స్టేషను మరీ చిన్నది. ఊరి పొలిమేర దాటి కారు నాలుగు మైళ్ళు పోతే గొంతు గరగరలాడి ఆగిపోయేది. అక్కడ రేడియో నాటకం మీద ఒక క్లాసు ఉండేది. ఆ క్లాసులో చేరిన ఒక్కొక్క జట్టు ముప్ఫై నిమిషాల నాటకం ఒకటి రాసి, రికార్డు చేసి, దాని ప్రచారం కూడా తామే చేసుకుని, ప్రసారం చేయాలి. పోస్టరుకీ, ప్రకటనకీ కూడా మార్కులుంటాయి.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. మాది తెనాలి. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్ళకి మా ఇంట్లోకి రేడియో వచ్చింది. గోడకి కొట్టిన చెక్క మీద, కుట్టుపూల గుడ్డ కప్పుకుని, పెళ్ళికూతురిలా కూర్చుని ఉండేది. దానికి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవాళ్ళం. మా అమ్మకి రేడియో నాటకం అంటే ప్రాణం. ఆ రోజు వంట ముందే అయిపోయేది. సినిమాని గంటలోకి కుదించి వినిపించే సంక్షిప్త శబ్దచిత్రం వచ్చిన రోజున ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా మా వసారాలోనే. నేను ఈ దేశం వచ్చేసిన తర్వాత ఉషశ్రీ గారి రామాయణ భారతాలు ఆవిడకి తోడు. 1990 దాటాక నీటికాసుల జబ్బు వల్ల ఆవిడకి రెండు కళ్ళూ పోయాయి. అప్పటి నుంచీ లోకమంతా ఆవిడకి రేడియోయే. మేము పంపిన ఫొటోలు ఎవరైనా చదివి చెప్పాలి. ఫొటోలు "చదవడం" అన్న మాట ఆవిడదే.

సరే, నాటకం సంగతి. మొదటి క్లాసులో మేష్టారు ఒక చరిత్ర చెప్పారట. మా అమ్మాయి ఆ రాత్రి ఫోను చేసి నాకు చెప్పింది. రేడియో కోసమని ప్రత్యేకంగా రాసిన తొలి నాటకాల్లో ఒకటి 1924 జనవరి 15న లండనులో బి.బి.సి. ప్రసారం చేసింది. పేరు "ఎ కామెడీ ఆఫ్ డేంజర్". రాసిన రిచర్డ్ హ్యూస్‌కి అప్పుడు ఇరవై మూడేళ్ళు. రేడియోలో వినేవాడికి ఏమీ కనపడదు కదా, మరి కథ ఎక్కడ పెట్టాలి అని ఆలోచించి, ఆయన దాన్ని వేల్సులో ఒక బొగ్గుగనిలో పెట్టాడు. చూడడానికి వచ్చిన వాళ్ళు లోపల ఉండగా దీపాలు ఆరిపోతాయి. ఇక పాత్రలకీ చీకటే, శ్రోతకీ చీకటే. ఇద్దరూ ఒకే స్థితిలో ఉంటారు.

"మన ఇంట్లో అలాంటి చీకటి ఎక్కడుంది నాన్నా?" అని అడిగింది మా అమ్మాయి. నాకేమీ తోచలేదు. రెండు రోజుల తర్వాత తనే చెప్పింది: "తెల్లారకుండా వచ్చే ఫోను."

మీలో పాతికేళ్ళు పైబడి ఈ దేశంలో ఉన్నవాళ్ళకి ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. పగలు మోగితే అది ఫోను. రాత్రి రెండింటికి మోగితే గుండె. లేచి కూర్చుంటాం. ఎవరూ ఎత్తరు. అమ్మకా, నాన్నకా, ఎవరికి ఏమైందో అని ఒకరి ముఖం ఒకరు చీకట్లో వెతుక్కుంటాం. మా అమ్మాయి నాటకం అంతా ఆ ఫోను మొదటి మోతకీ, ఎవరో ఒకరు దాన్ని ఎత్తడానికీ మధ్య జరుగుతుంది. నాన్న, అమ్మ, కూతురు, కొడుకు. ఒక్కో మోతకీ ఒక్కొక్కళ్ళ మనసులోకి వెళ్ళి వస్తాం. చివరికి కూతురు ఎత్తుతుంది. అవతల నాయనమ్మ! పుట్టినరోజు దీవెనలు చెప్పడానికి చేసింది. అప్పట్లో అక్టోబరు ఆఖరులో ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పేవారన్న సంగతి ఆవిడకి తెలియదు. తెనాలిలో మధ్యాహ్నం మూడున్నర అయితే ఒహాయోలో తెల్లవారి ఆరు అని లెక్క వేసుకుంది. ఆ వారం నుంచి అది అయిదు. అంతే కథ. నవ్వాలో ఏడవాలో తెలియక ఇంటిల్లిపాదీ నేల మీద కూర్చుండిపోతారు.

కథ విని నేను "ఇందులో ఏముందే?" అన్నాను. ఆ మాట నేను వెనక్కి తీసుకోవలసిన వాటిల్లో మొదటిది.

పిల్లలు అయిదుగురు. అందులో తెలుగు వాళ్ళు ఇద్దరే. నాన్న వేషం తంజావూరు కుర్రాడిది. తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టాడు. ఫోను మోత కోసం వారం రోజులు అవస్థ పడ్డారు. అప్పటికే ఇళ్ళల్లో ఫోన్లు పిచ్చుకల్లా కిచకిచలాడడం మొదలైంది. పిల్లలకి గంట మోగే పాత ఫోను కావాలి. పాత సామాన్ల దుకాణంలో అయిదు డాలర్లకి నల్లటి డయలు ఫోను దొరికింది. కానీ దానికదే మోగదు. ఎక్స్ఛేంజి నుంచి తీగ మీద సుమారు 90 వోల్టుల కరెంటు, సెకనుకి 20 ఆవృత్తాలతో వస్తేనే లోపలి సుత్తి గంటల్ని కొడుతుంది. అందుకని ఒక శనివారం అందరూ మా ఇంటికి వచ్చి, ఆ ఫోను మా గోడకి తగిలించారు. మా ఆవిడ పక్కింటికి వెళ్ళి అక్కణ్ణించి మా నంబరు తిప్పుతూ కూర్చుంది. పక్కింటి ముసలాయన, మా ఇంట్లో ఎవరూ ఫోను ఎత్తడం లేదని కంగారుపడి చూడడానికి వచ్చాడు కూడా.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఒకటుంది. ఈ దేశంలో ఫోను రెండు సెకన్లు మోగి, నాలుగు సెకన్లు ఆగి, మళ్ళీ మోగుతుంది. ఇన్నేళ్ళుగా వింటున్నా ఎప్పుడూ లెక్కపెట్టలేదు. పిల్లలు నాటకం మొత్తాన్ని ఆ లెక్కలోనే కూర్చారు. మోత రెండు సెకన్లు, మౌనం నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లలోనే "నువ్వెత్తు", "మీరెత్తండి" అన్న గుసగుసలు. మనసులోకి వెళ్ళినప్పుడు ఆ నాలుగు సెకన్లు సాగి సాగి నాలుగు నిమిషాలు అవుతాయి. మళ్ళీ మోతతో ఉలిక్కిపడి బయటికి వస్తాం.

అప్పుడు కంప్యూటరు మీద కోతలు వాళ్ళ స్టేషనుకి ఇంకా రాలేదు. పావు అంగుళం టేపుని బ్లేడుతో ఏటవాలుగా కోసి అంటించేవాళ్ళు. టేపు సెకనుకి 15 అంగుళాలు పరిగెడుతుంది. అంటే నాలుగు సెకన్ల మౌనం అంటే అయిదు అడుగుల టేపు! మా అమ్మాయి మెడలో మౌనాన్ని దండలా వేసుకుని తిరిగేది. పైగా ఆ మౌనం ఖాళీ టేపు కాకూడదట. ఖాళీ టేపు పెడితే రేడియో చచ్చిపోయినట్టు ఉంటుంది. ఎవరూ మాట్లాడని గది చప్పుడు కూడా విడిగా రికార్డు చేసి, దాన్ని అతికించాలి. మా పడకగదిలో అందరం ఊపిరి బిగబట్టి రెండు నిమిషాలు కూర్చున్నాం. ఫ్రిజ్ ఆపేశాం. కొలిమి ఆపేశాం. అయినా దూరంగా రైలు వినిపించింది. మళ్ళీ మొదటి నుంచీ.

మాటలు రికార్డు చేసింది ఎక్కడో తెలుసా? మా ఆవిడ చీరల అలమరలో. గోడల మీద తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని మందపాటి బట్టలు పీల్చేస్తాయి. పట్టుచీరల మధ్య తలపెట్టి తంజావూరు కుర్రాడు "నువ్వెత్తు" అని పాతికసార్లు అన్నాడు. నాయనమ్మ గొంతు ఫోనులో వచ్చినట్టు ఉండాలంటే బొంగురుదనం అడుగునా, కీచుదనం పైనా కోసేయాలి. ఫోను తీగ సుమారు 300 నుంచి 3400 ఆవృత్తాల వరకే మోస్తుంది. మన అమ్మల గొంతుల్లో మిగిలినదంతా సముద్రంలోనే పోయేదన్నమాట.

నాయనమ్మ వేషం వేసిన అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. "ళ" పలకదు. "పుట్టినరోజు" అంటే "పుత్తినరోజు" అనేది. నేను ఒకటికి పదిసార్లు సరిదిద్దాను. ఆఖరికి ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "సంఘంలో ఒక పెద్దావిడని పిలుద్దాం" అన్నాను. మా అమ్మాయి వినలేదు. "మార్కులు మాకు నాన్నా, మీకు కాదు" అంది. నేను అలిగి, "అయితే ప్రచారం నాకు వదిలేయండి" అన్నాను. మన సంఘానికి అప్పటికి ఆరేళ్ళుగా ప్రచార కార్యదర్శిని మరి!

అలా పోస్టరు నా చేతికి వచ్చింది. పరిచయస్తుడైన ఒక చిత్రకారుడి చేత గీయించాను. సూర్యాస్తమయం, కొబ్బరిచెట్లు, చంకలో బిందె పెట్టుకుని వెనక్కి తిరిగి చూస్తున్న పల్లెపడుచు. పైన ఇంగ్లీషు అక్షరాలు హిందీ అక్షరాల్లాగా తలకట్టు గీతకి వేలాడుతూ. తూర్పు పడమరల సంగమం అనే అర్థం వచ్చే మాట కింద. పసుపుపచ్చ కాగితం మీద మూడు వందల ప్రతులు నా డబ్బుతో వేయించాను. పిల్లలు చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డబ్బు పెట్టింది నేను కాబట్టి "బావుంది అంకుల్" అన్నారు.

రేడియోలో చదవడానికి ముప్ఫై సెకన్ల ప్రకటన కూడా నేనే రాశాను. మన కిరాణా కొట్టాయన నాటకం ఖర్చులకి వంద డాలర్లు ఇచ్చాడు. ప్రతిఫలంగా "తాజా కరివేపాకు, అందరికన్నా చౌక" అని చదవాలన్నాడు. నేను రాసేశాను. స్టేషను మేనేజరు, అతనూ విద్యార్థే, ఎర్రసిరాతో కొట్టేశాడు. ఇలాంటి స్టేషన్లలో సాయం చేసినవాళ్ళ పేరు చెప్పొచ్చు, దుకాణం ఎక్కడుందో చెప్పొచ్చు, ఏం అమ్ముతారో చెప్పొచ్చు. ధర చెప్పకూడదు, అందరికన్నా మంచిదనకూడదు, రండి కొనండి అనకూడదు. ప్రభుత్వ నియమం అది. "ఇంత చప్పగా ఉంటే ఎవరొస్తారయ్యా?" అన్నాను. ఆ కుర్రాడు నవ్వి, "ఉన్నది ఉన్నట్టు చెబితే కావలసినవాళ్ళు వస్తారు సార్" అన్నాడు. అప్పటికి నాకు అది ఎక్కలేదు.

ఆ ఆదివారం తెనాలికి ఫోను చేశాం. నిమిషానికి డాలరు పైమాటే కాబట్టి మా ఇంట్లో ఎవరు ఎన్ని మాటలు మాట్లాడాలో ముందే లెక్క. మా అమ్మాయి తన వంతులో నాయనమ్మకి నాటకం గురించి చెప్పింది. నేను వెనకనుంచి "పోస్టరు గురించి చెప్పవే" అని గిల్లాను. రెండో ఫోను ఎత్తి నేను కూడా వింటున్నాను.

"పోస్టరు ఎలా ఉందే తల్లీ? చదివి చెప్పు" అంది మా అమ్మ.

"ఒక ఆవిడ ఉంది నాయనమ్మా. బిందె పట్టుకుని ఉంది. వెనక కొబ్బరిచెట్లు."

"ఎవరావిడ? మీ నాటకంలో ఉందా?"

"లేదు."

"మరి ఆ బిందె ఎవరిది?"

మా అమ్మాయి మాట్లాడలేదు. డాలరు లెక్క నడుస్తోంది.

"పోనీ కొబ్బరిచెట్లు ఉన్నాయా మీ ఊళ్ళో?"

"లేవు. మంచు ఉంది."

"మన ఇంట్లో కుళాయి వచ్చి ముప్ఫై ఏళ్ళయింది కదే. నేనే బిందె మోయడం మానేశాను. ఆవిడ చేత ఎందుకు మోయిస్తున్నారు పాపం?" అంది మా అమ్మ. ఎగతాళిగా కాదు. నిజంగానే, కనపడని బొమ్మని అర్థం చేసుకుందామని అడిగింది. "సరేలే, మీ నాటకం ఎలా మొదలవుతుంది? అది చెప్పు."

మా అమ్మాయి చెప్పలేదు. గబగబా క్యాసెట్టు పెట్టి రిసీవరు స్పీకరు దగ్గర పట్టుకుంది. ఫోను మోగింది. నాలుగు సెకన్లు. మళ్ళీ మోగింది. "నువ్వెత్తు." "మీరెత్తండి." మళ్ళీ మోగింది.

అవతల నుంచి మా అమ్మ గొంతు, కంగారుగా: "ఎత్తండర్రా ఎవరైనా!"

నేను మెల్లిగా రెండో ఫోను పెట్టేశాను. ఇరవై ఏళ్ళుగా ఆ ఫోనుకి ఇవతల పక్క భయం మాదే అనుకున్నాను. అవతల కూర్చుని, వీళ్ళు ఎందుకు ఎత్తడం లేదా, పిల్లలకి ఏమైందా అనుకునే ప్రాణం ఒకటుందని నాకు ఎప్పుడూ తట్టలేదు. ఆ సంగతి నా కూతురి నాటకంలో ఉంది. నేను ఆ నాటకానికి ముందు ఒక బిందె అడ్డం పెట్టాను.

మర్నాడు పిల్లలు నన్ను అడగకుండానే కొత్త పోస్టరు వేశారు. నన్ను అడగనందుకు కోపం రాలేదంటే అబద్ధం. తెల్ల కాగితం మీద నల్ల ఫోను, పక్కన అయిదు గంటలు చూపిస్తున్న గడియారం. నాటకం పేరు, రోజు, వేళ, స్టేషను నంబరు. అంతే. ప్రకటన కూడా మార్చారు. రెండు మోతలు, రెండు మౌనాలు, రెండు గుసగుసలు, ఆ తర్వాత "ఆదివారం రాత్రి 9 గంటలకి". కరివేపాకు కొట్టాయన పేరు చివర నెమ్మదిగా వచ్చింది. ఆయనే మెచ్చుకున్నాడు. నా మూడు వందల పసుపు కాగితాలూ వృథా పోలేదు లెండి. వాటి వెనక వైపు నాటకం ప్రతులు తీసుకున్నారు. ఒక పక్క నాయనమ్మ మాటలు, తిప్పితే బిందె.

1996 ఏప్రిల్‌లో ప్రసారమైంది. మా ఇంటికి అందదు కాబట్టి మేమిద్దరం కారులో కాలేజీ ఊరు దాకా వెళ్ళి, స్టేషను ఎదురుగా కారు ఆపుకుని విన్నాం. తర్వాత స్టేషనుకి పద్నాలుగు ఫోన్లు వచ్చాయి. ఆ స్టేషనుకి అది జాతరే. ఇద్దరు ముగ్గురు తమ ఇంట్లోనే ఫోను మోగుతోందనుకుని లేచామన్నారు. ఒక చైనా విద్యార్థి మా ఇంట్లో కూడా ఇంతే అన్నాడు. గ్రీసు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మా తమ్ముడు చనిపోయినప్పుడు ఇలాగే మోగింది అని చెప్పి, ఇంకేమీ మాట్లాడకుండా పెట్టేసిందట. తూర్పు పడమరల సంగమం అని నేను వేయించిన మాట ఆ ఫోన్లలో దానంతటదే జరిగింది.

రేడియో నాటకం అనగానే అందరూ 1938 అక్టోబరు 30న ఆర్సన్ వెల్స్ చేసిన "వార్ ఆఫ్ ది వరల్డ్స్" చెబుతారు. అంగారక గ్రహం వాళ్ళు దిగారని నమ్మి దేశమంతా రోడ్ల మీదికి పరిగెత్తిందని కథ. కొంతమంది భయపడ్డ మాట నిజమే గానీ, దేశమంతా గగ్గోలు అన్నది మర్నాటి పత్రికలు పెంచిన మాటేనని ఇప్పుడు చాలామంది పరిశోధకులు చెబుతున్నారు. వెల్స్‌కి దాంతో బోలెడంత పేరొచ్చింది. కానీ ఈ రోజుకీ నూటికి తొంభైమందికి ఆ గగ్గోలు తెలుసు, నాటకం తెలియదు. ప్రచారం అంత పనీ చేయగలదు. మన కథని నలుగురికీ చేర్చగలదు, మన కథని మింగి తాను కూర్చోనూ గలదు.

క్యాసెట్టు తెనాలికి పంపాం. మా అమ్మ వారం రోజులు విన్నదట. ఇరుగుపొరుగుని కూర్చోబెట్టి, ఇంగ్లీషు మాటలు వచ్చినచోట తనే అర్థం చెప్పిందట, ఆవిడకి ఇంగ్లీషు రాకపోయినా. నాయనమ్మ వేషం వేసిన పిల్ల ఉచ్చారణ గురించి ఏమంటుందోనని నేను భయపడుతూ అడిగాను.

"పలకడానికేముందిరా, నీకు పళ్ళు రానప్పుడు నువ్వు పలికావా? ఆ పిల్ల ప్రేమగా మాట్లాడింది. ఒక్కటే తప్పు. అంత తొందరగా ఫోను పెట్టేసింది. నేనైతే పెట్టను" అంది.

ఆ మాట ఆ అమ్మాయికి చెప్పాను. నేను ఏడిపించిన సంగతికి క్షమాపణ కూడా చెప్పాను. కాస్త ఆలస్యంగానే అనుకోండి.

2003లో ఒక తెల్లవారుజామున మా ఫోను మోగింది. నాలుగు సెకన్లు ఆగింది. మళ్ళీ మోగింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఈసారి నేనే ఎత్తాను. అవతల మా తమ్ముడు. అమ్మ రాత్రి నిద్రలోనే పోయిందన్నాడు. మంచం పక్కన రేడియో ఇంకా మోగుతూనే ఉందట.

ఇప్పుడు రాత్రిపూట ఫోన్లు తగ్గిపోయాయి. తెల్లవారేసరికి వాట్సాప్‌లో అన్నీ రాసి ఉంటాయి. ఆ నల్ల ఫోను మా అమ్మాయి ఇంట్లో పుస్తకాల అరలో ఉంది. దాని పిల్లలు దాన్ని బొమ్మ అనుకుంటారు.

మన యువజన విభాగం పిల్లలకి నేను ఆ రోజు చెప్పకుండా నవ్వి ఊరుకున్న మాట ఇది. చార్మినారు మీద నాకు కోపం లేదు. కూచిపూడి మీద అసలే లేదు. మన సంచికల అట్టల మీద వాటిని అచ్చు వేయించిన పాపంలో నాకు సగం వాటా ఉంది. మీ కథలో చార్మినారు ఉంటే పెద్దదిగా వేయండి. లేకపోతే మీ కథలో ఏముందో అది వేయండి. కారు తాళాలు కావచ్చు, కాలేజీ దరఖాస్తు కావచ్చు, డబ్బాలో మూత పెట్టి స్కూల్లో తెరవడానికి సిగ్గుపడ్డ పులిహోర కావచ్చు. అచ్చుకి ఇచ్చే ముందు మాత్రం ఒక పని చేయండి. మీ తాతయ్యకో, అమ్మమ్మకో ఫోను చేసి, బొమ్మ చూపించకుండా ఆ పోస్టరు చదివి చెప్పండి. వీడియో ఆపేసి చెప్పండి. ఇప్పుడు నిమిషానికి డాలరు కాదు కదా, తీరిగ్గా చెప్పండి. "ఆ బిందె ఎవరిది?" అని వాళ్ళడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి.

జవాబు ఉంటే, మీకు నా మాట అక్కర్లేదు. నాటకం ఎప్పుడో చెప్పండి, దీపాలు ఆర్పుకుని కూర్చుంటాం.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.